వేసవికి ముందే బస్తీ సిద్ధం కావాలి

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలిలలో అద్దాల భవనాలు పెరుగుతూనే ఉన్నాయి. వాటికి కాపలా కాసేవారు, క్యాబ్ నడిపేవారు, భోజనాలు చేరవేసేవారు బోరబండ, అల్లాపూర్, హఫీజ్‌పేట వంటి బస్తీల నుంచి వస్తారు. వారిలో మనవాళ్లు ఎందరో. పగలంతా ఎండలో తిరిగి, రాత్రి రేకుల కప్పు కిందికి చేరతారు. కాంక్రీటు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతుంది కనుక అక్కడా ఒంటికి విశ్రాంతి ఉండదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి. అంతకు తక్కువైతే ఐచ్ఛికం. ఫైళ్ల మధ్యే జుట్టు నెరిసినవాళ్లం మేము. ‘ఐచ్ఛికం’ అన్న మాట పడిన చోట కాగితం కదలదని మాకు తెలుసు. అరవై గజాల రేకుల ఇంటి గురించి అడిగే నాథుడెవరు? బంజారాహిల్స్‌లోని దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్లపై తెల్లని పొర పరిచి చూసినప్పుడు లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. మార్గం ఉంది, గడప గడపకూ చేర్చే మనుషులే లేరు.

విపత్తు వేళ ఆదుకునే స్థానిక సేవకులకు శిక్షణ ఇచ్చేందుకు కేంద్రం 2016లో ‘ఆపద మిత్ర’ పథకాన్ని మొదలుపెట్టింది. అది ప్రధానంగా వరదలను దృష్టిలో ఉంచుకున్నది. వరద అందరి కళ్లకూ కనబడుతుంది; వడదెబ్బ తలుపు చాటున తగులుతుంది. అందుకే ప్రతి మస్జిద్ కమిటీ పదిమందిని ఎంపిక చేసి శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాం. వారిలో సగం మంది స్త్రీలు కావాలి. పర్దా పాటించే ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మను మధ్యాహ్నం పలకరించగలిగేది వారే. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ అని గుర్తించడం, తడిగుడ్డతో తుడిచి విసురుతూ 108కి ఫోన్ చేయడం, స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకపోవడం నేర్పడానికి ఒక పూట చాలు. మస్జిద్‌కు ఇవన్నీ ఎందుకనే పెద్దలున్నారు. పొరుగువారి హక్కు గురించి జుమా ప్రసంగాల్లో వినేది వారే కదా! ఆ పొరుగువారు ఏ మతస్థులైనా సరే.

రంగు ఖర్చు మాటేమిటి? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు తమ లాభాల్లో 2 శాతం సామాజిక సేవకు వెచ్చించాలి. అద్దాల మేడల వారిని అడగడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు. సేవకులు ఫిబ్రవరిలోగా రేకుల ఇళ్లను లెక్కించి, కప్పుల కొలతలు రాసి తెస్తే చాలు. దరఖాస్తులు మేము రాసిపెడతాం.