ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది?

నూలు బట్టకు రంగు పట్టాలంటే ఉప్పు కావాలి. ముదురు నీలమో నలుపో వేస్తే కిలో బట్టకు అరకిలో దాకా పడుతుంది. నీళ్లలో ఉన్న రంగును దారంలోకి నెట్టేది ఆ ఉప్పే. పనయ్యాక రంగు చాలావరకు బట్టతో వెళ్లిపోతుంది, ఉప్పు మాత్రం వేసినంతా నీళ్లలోనే మిగులుతుంది. మందులు వేసి రంగు నీళ్లను తేట చేయొచ్చు. కంటికి కనబడని ఉప్పును తీయడమే కష్టం. తమిళనాడులో నొయ్యల్ నది ఒడ్డు పొలాలను చౌడు చేసింది ఆ కనబడని ఉప్పే.

తిరుప్పూరంటే మనకు బనియన్ల ఊరు. దేశం ఎగుమతి చేసే నిట్‌వేర్‌లో సగానికి పైగా ఆ ఒక్క చోటి నుంచే పోతుంది. 2024-25లో దాని విలువ దాదాపు 40 వేల కోట్ల రూపాయలు. ఆ ఊరి మధ్య నుంచి పారే నొయ్యల్ పడమటి కనుమల్లో వెళ్లియంగిరి కొండల్లో పుట్టి కావేరిలో కలుస్తుంది. 1990ల మొదట్లో తిరుప్పూరుకు దిగువన, ఒరత్తుపాళయం దగ్గర, సాగునీటి కోసం ఆనకట్ట కట్టారు. కొన్నేళ్లకే అందులో డైయింగ్ యూనిట్ల నీళ్లు నిండాయి. నీళ్లు వదలండి అని అడగాల్సిన రైతులు వదలొద్దు మహాప్రభో అని వేడుకోవాల్సి వచ్చింది. ఒక ఆనకట్ట గురించి ఇంతకంటే బాధ కలిగించే మాట నేను వినలేదు.

ఆ రైతులు ఊరుకోలేదు. 2003లో మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. చుక్క నీరు కూడా బయటికి వదలకూడదని 2006లో కోర్టు ఆదేశించింది, 2009లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయినా ఏరు మారలేదు. 2011 జనవరిలో హైకోర్టు డైయింగ్, బ్లీచింగ్ యూనిట్లన్నిటినీ మూయించింది. ఏడు వందలకు పైగా యూనిట్లకు తాళాలు పడ్డాయి. కూలీలు ఊళ్లకు తిరిగి వెళ్లారు. చిన్న యజమానులు చితికిపోయారు. ఆ మూత అన్యాయమని అప్పట్లో చాలామంది అన్నారు. నేను అనను. నదిని చంపి బతికే పరిశ్రమను ఎవరో ఒకరు ఆపాలి, ప్రభుత్వాలు ఆపలేదు కాబట్టి కోర్టు ఆపింది.

తర్వాత జరిగింది ఇంకా తెలుసుకోదగ్గది. యూనిట్లు తమ ఉమ్మడి శుద్ధి కేంద్రాలను చుక్క వదలని పద్ధతికి మార్చుకున్నాయి. అక్కడ ముందు సూక్ష్మజీవులతో మురికిని తినిపిస్తారు, ఆ తర్వాత ఆర్వోకి పంపుతారు. మన ఇళ్లలో ఉన్న ఆర్వో పనే ఇది. కాకపోతే మనం పక్క గొట్టంలోంచి మోరీలోకి వదిలే ఉప్పునీళ్లను అక్కడ వదలడానికి వీల్లేదు. ఆవిరి పట్టి మరిగించి నీటిని వెనక్కి తీసుకుంటారు, చేతికొచ్చినంత ఉప్పును మళ్లీ రంగు తొట్టిలోకే పంపుతారు. నీటిలో అత్యధిక భాగం ఇలా తిరిగి వాడకంలోకి వస్తుంది. అంతా ముగిశాక కూడా ఎందుకూ పనికిరాని ఓ కలగలుపు ఉప్పు, బురద అడుగున మిగులుతాయి. వాటిని మూటలు కట్టి షెడ్లలో పేరుస్తున్నారు. మరిగించడానికి బోలెడు కరెంటు, కట్టెలు కావాలి. ఏరు బాగుపడ్డ మేరకు పొగ పెరిగింది.

ఈ ఖర్చు ఎవరిది? విదేశీ బ్రాండ్లు సర్టిఫికెట్లు అడుగుతాయి, ఆ కష్టానికి తగ్గట్టు ధర మాత్రం పెంచవని అక్కడి ఎగుమతిదారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన చట్టం ప్రకారం రేపు అక్కడ అమ్మే ప్రతి చొక్కాకూ డిజిటల్ పాస్‌పోర్టు రాబోతోంది. దేనితో చేశారో లాంటి వివరాలు అందులో ఉంటాయి. నీళ్లు శుద్ధి చేసినందుకు కొన్నవాడు ఎంత ఇచ్చాడో కూడా రాయాలని నేను అడుగుతాను.

దేశం లోపలి లెక్క మరీ అన్యాయం. తిరుప్పూరు చుక్క వదలకుండా పనిచేస్తుంటే రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దగ్గర జోజరీ నది అద్దకం నీళ్లతో నల్లగా పారుతోంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంతట తానే ఆ నది కేసు చేపట్టింది. శుద్ధి చేసేవాడికి ఖర్చు, చేయనివాడికి లాభం. రేటు దగ్గర ఇద్దరూ ఒకే బజారులో పోటీ పడాలి. ఒక రాష్ట్రంలో తప్పనిసరి అయిన నియమం దేశమంతా తప్పనిసరి కాకపోతే శిక్ష పడేది మంచివాడికే.

రంగు పనికి నది అవసరం కొత్తది కాదు. కాళహస్తి కలంకారీ బట్టను స్వర్ణముఖి పారే నీళ్లలోనే జాడించేవారు. కరక్కాయ, చండ్ర, నీలి మందు వాడిన ఆ పని నదిని మింగలేదు. అలాగని సహజ రంగులతో కోట్ల బనియన్లు అద్దలేం, ఆ భ్రమ నాకు లేదు. నాలుగున్నర కోట్ల మందికి నేరుగా పని ఇస్తున్నది మన వస్త్ర రంగం. 2030 నాటికి దీన్ని 35 వేల కోట్ల డాలర్లకు పెంచాలని కేంద్రం అనుకుంటోంది. పెరగాలి కూడా. ఆడపిల్లలకు ఊరి దగ్గర జీతం ఇచ్చే పరిశ్రమ మనకు ఇంకొకటి అంత సులభంగా దొరకదు.

కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర వస్త్ర పార్కుల్లో ఒకటి మన వరంగల్‌ది. గీసుగొండ, సంగెం మండలాల్లో రైతులు ఇచ్చిన భూముల్లో 2017లో శంకుస్థాపన చేసిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కే అది. అక్కడి వాళ్లకు నాదొక విన్నపం. అద్దకం పెరగక ముందే చుట్టూ ఉన్న ఊళ్లలో ప్రతి బావి, ప్రతి బోరు నీళ్లకు టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, కొలిపించండి. ఆ అంకెను, తేదీతో సహా, పంచాయతీ ఆఫీసు గోడ మీద పెయింటుతో రాయించండి. ఏటా ఎండాకాలంలో మళ్లీ కొలిచి దాని కిందే రాయండి.