గ్లాసు నిండా నురగే!

ఎండలు ముదిరాయంటే చాలు, గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా ఫౌంటెన్ సోడా షాపుల దగ్గర జనమే జనం. కుళాయి తిప్పితే సోడా. బాగానే ఉంటుంది. కానీ ఒక్కోసారి గ్లాసులో ముప్పావు వంతు నురగే వస్తుంది. అది అణిగేసరికి అడుగున నాలుగు గుక్కలు, అవీ చప్పగా. డ్రాఫ్ట్ బీరు కుళాయిలదీ, కొందరు ఇళ్లలో పెట్టుకునే చిన్న బీరు మెషిన్లదీ ఇదే రోగం.

మా బాబాయ్ స్టీల్‌ప్లాంట్‌లో ఉక్కు కరిగించే షాపులో పనిచేసి రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఇలాంటి షాపే తెరిచాడు. ఏప్రిల్‌లో నురగ మొదలైంది. మెకానిక్ వచ్చి సిలిండర్ దగ్గర ప్రెషర్ తగ్గించి వెళ్లాడు. నురగ పోలేదు సరికదా, సోడాలో ఘాటు పోయింది. మళ్లీ వచ్చి, "మెషిన్ మార్చేయండి" అన్నాడట. అంటే ఇంకో లక్ష పైమాటే. అప్పుడు నాకు ఫోను.

"గ్యాసు ఎక్కువైపోయిందేట్రా?"

సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే మేం ముందు కోడ్ మార్చం. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావట్లేదు అని చూస్తాం. అందుకే వరసగా మూడు గ్లాసులు పట్టమన్నాను. మొదటిది పొంగింది. రెండోది సగం నయం. మూడోది శుభ్రంగా వచ్చింది. పావుగంట ఆగి మళ్లీ పడితే మళ్లీ మొదటిదే పొంగింది. గ్యాస్ ఎక్కువైతే మూడూ పొంగాలి కదా! తేడా అంతా పైపులో ఆగి ఉన్న నీళ్లలో ఉంది. గిరాకీకి కనబడాలని బాబాయ్ కుళాయిని ముందుకి జరిపించాడు. ఆ పైపు రేకు కింద, పడమటెండలో ఉంది.

ఒత్తిడి పెరిగితే ద్రవంలో గ్యాస్ ఎక్కువ కరుగుతుందని విలియమ్ హెన్రీ 1803లోనే చెప్పాడు. చల్లదనం సంగతి అంతకన్నా ముఖ్యం. మామూలు వాతావరణ ఒత్తిడిలో లీటరు నీళ్లు 0 డిగ్రీల దగ్గర సుమారు 3.3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటాయి. 30 డిగ్రీల దగ్గర 1.3 గ్రాములు కూడా కష్టమే. పైపులో వేడెక్కిన సోడా గ్యాస్‌ని వదిలేస్తుంది. ప్రెషర్ తగ్గిస్తే ఇంకా తొందరగా వదిలేస్తుంది. మెకానిక్ చేసింది అదే.

బాబాయ్ ఒప్పుకోలేదు. "మా ఉక్కు వేడిగా ఉన్నంతసేపూ గ్యాసు లోపలే ఉంటాది. చల్లారి గట్టిపడేటప్పుడే బుడగలొచ్చి కన్నాలు పడతాయి." ఆయన మాటా నిజమే. కరిగిన ఉక్కు వేడెక్కేకొద్దీ హైడ్రోజన్‌ని ఎక్కువ పట్టుకుంటుంది, నీళ్లది సరిగ్గా తిరగేసిన లెక్క. ఏళ్ల తరబడి కొలిమి దగ్గర నిలబడ్డ మనిషికి సోడా విషయంలో వేడి మీద అనుమానం రాకపోవడం సహజమే అనిపించింది నాకు.

మెషిన్ మార్చలేదు. ఏసీ రిపేరు షాపుల్లో రాగి పైపులకి తొడిగే నల్లటి స్పాంజి గొట్టం కొని పైపుకి తొడిగాం, రేకు కింద ఓ గోనె పరదా కట్టాం, ప్రెషర్ మళ్లీ పెంచాం. పైపుని మరీ పొట్టిగా కోసేద్దామన్నాడు బాబాయ్. వద్దన్నాను. పైపు పొడుగునా ఒత్తిడి మెల్లగా తగ్గాలి, లేకపోతే కుళాయి దగ్గర ఒక్కసారిగా చిమ్మి మళ్లీ నురగే.

ఇంకోటి, ఉప్పు నిమ్మకాయ సోడా. సోడా పోశాక పైన ఉప్పు వేస్తే ప్రతి పలుకు చుట్టూ బుడగలు పుట్టి గ్లాసు పొంగిపోతుంది. ఉప్పుని ముందే నిమ్మరసంలో కరిగించి, గ్లాసు వంచి, అంచు మీదుగా సోడా పోయాలి. గ్లాసులు సరిగ్గా కడక్కపోయినా ఇదే గొడవ. దీనికి మెకానిక్ అక్కర్లేదు, పిన్ని చాలు.

ఇప్పుడు కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో మాత్రం మొదటి గ్లాసు ఇంకా పొంగుతుంది. అది బాబాయే తాగేస్తాడు.