నక్షత్రాలు కాదు, జవాబు కావాలె

తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి మార్కులేసి ఊరుకోలేదు. 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసి ముందర పెట్టారు. పాఠకుడి అసమ్మతి అంటే అది.

ఇంగ్లీషు వికీపీడియా 2010లో పాఠకుల తీర్పు అడగడం మొదలుపెట్టింది. వ్యాసం నమ్మదగినదా, నిష్పాక్షికమా, సంపూర్ణమా, బాగా రాశారా? ఒక్కోదానికి ఐదు నక్షత్రాల దాకా ఇవ్వొచ్చు.

బిర్యానీకి ఇచ్చినట్టు ఊరి చరిత్రకు మార్కులిస్తామా? మణికొండనే తీసుకోండి. ఇక్కడి హుస్సేన్ షా వలీ పేరు మీదనే హుస్సేన్‌సాగర్ ఉంది. ఈ జాగీరులోని 1,654 ఎకరాల 32 గుంటలు దర్గావని వక్ఫ్ బోర్డు, తనవని ప్రభుత్వం ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడాయి. అందులోని భూములే ఐటీ కంపెనీలకు, ల్యాంకో హిల్స్‌కు పోయాయి. అవి ప్రభుత్వానివేనని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 7న తేల్చింది.

ఇదేదీ లేకుండా, టవర్లతోనే ఊరు పుట్టిందన్నట్టు ఒక వ్యాసం ఉందనుకుందాం. నిన్నగాక మొన్న ఫ్లాటు కొన్న వంద మంది 'సంపూర్ణం' అని ఐదేసి నక్షత్రాలిస్తారు. ఊరివాళ్లు ఇద్దరు ఒక్కొక్కటే ఇస్తారు. సగటు ఎంత? 4.9! (బతకవచ్చినవాళ్లతో మాకు పేచీ లేదు, లెక్కతోనే పేచీ.) తెలియనివాడి తృప్తినీ తెలిసినవాడి బాధనూ ఒకే తక్కెట్లో తూస్తే జరిగేది ఇదే.

నక్షత్రాలతో పని కాదని వాళ్లకూ తెలిసింది. 'మీరు వెతికింది దొరికిందా?' అని అడిగి, మాటల్లో రాయమన్నారు. మంచి ప్రశ్న. కానీ వచ్చినవాటిలో పనికిరానివే ఎక్కువని, వడపోసే చాకిరీ తమ మీద పడిందని జీతం లేకుండా పనిచేసే సంపాదకులు ఎదురుతిరిగారు. 2014లో దాన్ని ఎత్తేశారు. వాళ్ల కష్టం కాదనం. కానీ అభిప్రాయం అడిగి మూటగట్టి పక్కన పెట్టడం ఎట్లుంటదో తెలంగాణకు ఒకరు చెప్పాల్నా?

ఇప్పటికీ ప్రతి వ్యాసానికీ చర్చాపేజీ ఉంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఉంది. చిక్కల్లా ఒక్కటే: అచ్చయిన ఆధారం లేనిదే అక్కడ మాట చెల్లదు. పేపర్లకెక్కని ఊళ్ల చరిత్రకు ఈ నియమమే గోడ. పెద్దమనిషి జ్ఞాపకం ఎంత నిజమైనా గోడకివతలే ఆగిపోతుంది.

విద్యార్థులారా, మణికొండ వ్యాసం చదవండి. ఏం లేదో చర్చాపేజీలో రాయండి, కింద తీర్పు తేదీయో గెజిట్ తేదీయో వేయండి. ఏ గెజిట్ ఎక్కడ దొరుకుతుందో ఉద్యోగ మిత్రులకు తెలుసు, వాళ్లు చెప్పాలి. పాత మణికొండ ఎరిగినవాళ్లుంటే వాళ్ల మాటలు రాసి మాకు పంపండి. సరిచూసి ఈ పేజీల్లోనే అచ్చేస్తాం.