అంకెల షష్ఠ్యంతాలు

కావ్యం అంకితం పుచ్చుకున్నవాణ్ణి మొదట్లోనే పొగడటం మన ప్రబంధకవుల ఆచారం. అవతారికలో వంశవర్ణన, ఆ వెనక షష్ఠ్యంతాలు. ప్రభువు అంతటివాడు కాడని కవికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు. అందుచేత ఆ పొగడ్తవల్ల ఎవరూ మునగలేదు. నేడు కంపెనీల బాగోగులు తూచి చెప్పే విశ్లేషకులు రాస్తున్నవీ చాలావరకు షష్ఠ్యంతాలే. కాని వాటికి శాస్త్రమని పేరు పెడుతున్నారు. చదివినవాడు కష్టార్జితాన్ని తెచ్చి వాటి మీద పెడుతున్నాడు. నా అభ్యంతరమల్లా అక్కడ.

మా గోదావరి సముద్రంలో కలిసే తీరం సంగతే చూడండి. ఆ తీరానికి ఎదురుగా, కృష్ణా గోదావరి క్షేత్రంలో, గుజరాత్ ప్రభుత్వ పెట్రోలియం సంస్థకు 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని 2005 జూన్‌లో నాటి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించారు. దానికి దీన్ దయాళ్ అని తమ పార్టీ సిద్ధాంతకర్త పేరు పెట్టారు. తీరా క్షేత్రాభివృద్ధి ప్రణాళికలో కనిపించింది సుమారు 2 లక్షల కోట్ల అడుగులే. 2015 నాటికి సంస్థ అప్పు 19 వేల కోట్ల రూపాయలు దాటింది. 2017లో అందులోని 80 శాతం వాటాను సుమారు 7,738 కోట్లకు ఓఎన్‌జీసీ కొన్నది. అప్పటికి అమ్మిన సంస్థకూ కొన్న సంస్థకూ యజమానులు ఒకే పార్టీ ప్రభుత్వాలు. ఈ ధర సరైనదా అని నిలదీసి అడగవలసిన గొంతులు ఎన్ని అడిగాయి?

అంచనా తప్పటం నేరమా అంటారు కొందరు. కాదు. కాని పొరపాటుకు పక్షపాతం వుండదు. ఒకసారి ఎక్కువ చూపితే ఒకసారి తక్కువ చూపుతుంది. త్రాసు ఎప్పుడూ యజమాని వైపే మొగ్గుతున్నదంటే అది పొరపాటు కాదు, త్రాసు గుణం.

సత్యం కంప్యూటర్స్ కథ మరవగూడదు. ముఖ్యమంత్రులు మారినా ఆ సంస్థ మన రాష్ట్రానికి గర్వకారణంగానే చలామణి అయింది. 2008లో సత్పరిపాలనకు బహుమానం పొందింది. 2009 జనవరి 7న లేని నగదు 5,040 కోట్లు లెక్కల్లో చూపామని అధిపతి రామలింగరాజే రాసి యిచ్చారు. విశ్లేషకులు బయటపెట్టలేదు, దాచినవాడే చెప్పాడు.

ఇది వ్యక్తుల నీతికి సంబంధించిన ప్రశ్న మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. విశ్లేషకుడికి జీతమిచ్చే సంస్థే ఆ కంపెనీ వాటాలు అమ్మిపెట్టి రుసుము తీసుకుంటుంది. కఠినంగా రాసినవాడికి కంపెనీ గుమ్మం మూసుకుంటుంది. 2001లో ఎన్రాన్ కూలే ముందు దాకా అమెరికాలో అధికసంఖ్యాకులు దాన్ని కొనమన్నారంటే కారణం యిదే.

మన అభ్యుదయ మిత్రులతోనూ ఒక మాట. ప్రైవేటుదైతే అనుమానించటం, ప్రభుత్వ రంగమైతే నమ్మటం విమర్శ కాదు. దీన్ దయాళ్ ప్రభుత్వ రంగమే. 2014 జూన్ 27న మా నగరం గ్రామంలో పేలిన గొట్టం ప్రభుత్వ రంగానికి చెందిన గెయిల్‌దే. ఇరవై మందికి పైగా మరణించారు. గొట్టాల భద్రతను ముందే తూచి చెప్పే నివేదిక అంతకుముందు మా పల్లెలకు చేరలేదు.

2014 నాటి సెబీ నిబంధనలు విశ్లేషకుణ్ణి తన వాటా, పారితోషికం చెప్పమంటాయి. రాజకీయ బంధుత్వం ఊసెత్తవు. అది కూడా మొదటి పుటలోనే రాయించాలి. కృతిభర్త ఎవరో తెలిస్తే షష్ఠ్యంతాలను ఎలా చదవాలో తెలుగు పాఠకుడికి ఒకరు నేర్పనక్కరలేదు.