కంప్యూటరు పాతబడిందా, కాపలా ఆగిపోయిందా?



లాప్‌టాపు బాగానే పనిచేస్తున్నది. తెర వెలుగుతున్నది, మీటలు పలుకుతున్నవి, అమ్మాయి ప్రాజెక్టు వ్రాసుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. అయినా దుకాణానికి తీసుకువెళితే, "దీనికి ఇక సపోర్టు లేదండీ, కొత్తది తీసుకోండి" అంటున్నారు. చీటీ పాడి, పాల డబ్బులు కూడబెట్టి కొన్న యంత్రము అది. ఇంకొకటి కొనడం ఎట్లా? కొనకుండా ఉంటే వైరస్ వచ్చి ఉన్నదంతా పోతుందేమో? ఈ చింత ఇప్పుడు చాలా ఇండ్లలోనూ సంఘ కార్యాలయాలలోనూ ఉన్నది. అందుచేత ఈ నెల ఈ విషయమే కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

మొట్టమొదట గ్రహించవలసినది ఏమనగా, యంత్రము చెడిపోవడం వేరు, దానికి రక్షణ ఆగిపోవడం వేరు. దుకాణదారుడు చెబుతున్నది రెండవ సంగతి. రెండవదానికి మందు చాలాసార్లు కొత్త యంత్రము కాదు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి?

హాస్టలులో వార్డెను ఉంటారు. ఎవరు లోపలికి రావచ్చు, ఎవరికి ఏ గది, ఎవరికి ఎంత భోజనం అని చూసేది ఆయనే. కంప్యూటరులో ఆ పని చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, మాక్, లినక్సు, క్రోమ్ ఓఎస్ అనేవి అటువంటి వార్డెన్లు. చుట్టాన్నని చెప్పి గేటు దాటివచ్చి పిల్లల పెట్టెలు దోచుకునేవాని వంటిది వైరస్. వైరస్‌లు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేవి, పాస్‌వర్డులు దొంగిలించేవి, వీటన్నిటికీ కలిపి మాల్‌వేర్ అని పేరు.

ఎంత మంచి ప్రహరీగోడకైనా కాలక్రమేణ పగుళ్లు కనబడతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అంతే. తయారుచేసినవారు ఆ పగుళ్లను కనుగొని ఎప్పటికప్పుడు పూడ్చి పంపే మరమ్మతులకే అప్‌డేట్లు అని పేరు. "సపోర్టు ఆగిపోయింది" అనగా ఇకమీదట పగులు కనబడినా పూడ్చేవారు లేరని అర్థము. గోడ ఆ రోజే కూలిపోదు. కాని దొంగలకు మాత్రం ఆ పగులు తెలుస్తుంది.

2017లో జరిగిన సంగతి

దీనికి మంచి ఉదాహరణ ఒకటి ఉన్నది. 2017 మే 12న వాన్నాక్రై అనే మాల్‌వేర్ ఒక్కసారిగా లోకమంతా వ్యాపించింది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు పడ్డాయి. తాళం తీయాలంటే 300 డాలర్లు కట్టమని తెరమీద వ్రాసి ఉంది. ఇంగ్లాండులో ప్రభుత్వ ఆసుపత్రులు శస్త్రచికిత్సలు వాయిదా వేయవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు చిక్కుకున్నాయి.

అయితే ఆ పగులును పూడ్చే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చి 14ననే విడుదల చేసింది. అంటే దాదాపు రెండు నెలల ముందే. చిక్కుకున్నవాటిలో ఎక్కువ భాగం ఆ నాటికి సపోర్టు ఉండి కూడా అప్‌డేటు వేసుకోని విండోస్ 7 యంత్రాలే. మందు బల్లమీదనే ఉన్నది, మింగినవారు లేరు. కాబట్టి ఏ సిస్టమ్ వాడుతున్నామనేదానికంటే, దానికి మరమ్మతు వస్తున్నదా, వచ్చినదానిని మనము వేసుకుంటున్నామా అనేదే ముఖ్యము. ఈ రెండు ప్రశ్నలతోనే ఒక్కొక్కదానిని చూద్దాము.

విండోస్

బల్లమీది కంప్యూటర్లలోనూ లాప్‌టాపులలోనూ ఎక్కువ భాగం విండోస్‌తోనే నడుస్తాయి. చేపలు ఎక్కువున్న చెరువులోనే వల వేస్తారు గనుక మాల్‌వేర్ కూడా ఎక్కువగా దీనికోసమే తయారవుతున్నది. అలాగని విండోస్ బలహీనమైనదని కాదు. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే రక్షణ ఉచితంగా వస్తుంది. ఇంటి వాడకానికి దానికి మించి యాంటీవైరస్ కొనవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

చిక్కు ఆయుష్షు దగ్గర వచ్చింది. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగిసింది. విండోస్ 10 వాడే గృహస్థులు మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే మరికొంత కాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ఆ సంస్థ 2025లో ప్రకటించింది. అప్పుడు చెప్పిన గడువు 2026 అక్టోబరు 13. అది ఊపిరి తీసుకోవడానికి దొరికిన వ్యవధే గాని శాశ్వత పరిష్కారము కాదు.

మరి విండోస్ 11 వేసుకోవచ్చు గదా అంటే, అది అన్ని యంత్రాలమీద కూర్చోదు. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే, బహు కొద్ది మినహాయింపులతో, 8వ తరము లేక ఆ తరువాతిది కావాలి. మీ లాప్‌టాపు వివరాలలో ఐ5-7200 అని ఉంటే అది 7వ తరము, ఐ5-8250 అని ఉంటే 8వ తరము. అడ్డదారిలో విండోస్ 11 వేసి ఇచ్చేవారు ఉన్నారు. అట్టి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయనే హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది.

ఇంకొక మాట. డబ్బు కట్టని విండోస్‌ను "క్రాక్" చేసి వేయించుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. అది న్యాయము కాదు, క్షేమమూ కాదు. తాళం పగులగొట్టే ఆ చిన్న ప్రోగ్రాము చాలాసార్లు తనతో మాల్‌వేర్‌ను వెంటబెట్టుకొని వస్తుంది. వార్డెనునే దొంగ నియమించినట్టు అవుతుంది.

మాక్

ఆపిల్ వారి మాక్‌కు వైరస్ రాదని చాలామంది నమ్ముతారు. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్‌వేర్ ఆరు లక్షల మాక్‌లలో దూరి ఆ నమ్మకాన్ని చెరిపివేసింది. 2023 నుండి పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు మాక్‌లనూ వెతుక్కుంటూ వస్తున్నాయి. అయినా విండోస్‌తో పోల్చితే బెడద తక్కువే. ఆయుష్షు కూడా ఫరవాలేదు. సాధారణంగా ఏడెనిమిది సంవత్సరాలు కొత్త సిస్టమ్ వస్తుంది, తరువాత కొంతకాలం భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కాని ధర పెద్దది, మరమ్మతు ఖర్చూ పెద్దదే. ఇంటెల్ చిప్పుతో వచ్చిన మాక్‌లకు 2025లో వచ్చిన టాహో అనేదే చివరి సిస్టమ్ అని ఆపిల్ ప్రకటించింది. పాత మాక్ చవకగా వస్తున్నదని కొనబోయేవారు ఈ సంగతి మరువరాదు.

లినక్సు

1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది లినక్సు. నేడు లోకమంతటినుండి వేలమంది కలిసి దానిని మెరుగుపరుస్తున్నారు. ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ మొదలైన పేర్లతో ఉచితంగా లభిస్తుంది. పాత యంత్రానికి ఆయుష్షు పొడిగించే విషయంలో దీనికి సాటి లేదు. ఉదాహరణకు లినక్స్ మింట్‌కు 2 జి.బి. మెమొరీ ఉంటే చాలు, 4 జి.బి. ఉంటే సుఖంగా నడుస్తుంది. దాని 22వ విడుదలకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. పది సంవత్సరాల నాటి లాప్‌టాపు కూడా దానితో మరల పనికి లేస్తుంది. అయితే మరీ పాతవైన 32 బిట్ల యంత్రాలను ఇదీ విడిచిపెడుతున్నది. 2025లో వచ్చిన డెబియన్ 13ను వాటిలో కొత్తగా ఎక్కించడానికి వీలు లేదు.

మాల్‌వేర్ బెడద దీనికి ఇండ్లలో చాలా తక్కువ. కారణాలు ఇవి. ప్రోగ్రాములు కనబడిన చోటునుండి కాక తయారీదారుల సొంత భాండారమునుండి వస్తాయి. పాస్‌వర్డు ఇవ్వనిదే సిస్టమ్ లోపల ఏదీ మారదు. దీనిని ఇండ్లలో వాడేవారు తక్కువ గనుక దొంగలకు లాభమూ తక్కువే. అయినా ఇది కూడా మనుష్యులు కట్టినదే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న భాగంలో ఎవరో రహస్య ద్వారము పెట్టినట్టు బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రము అర సెకను ఆలస్యంగా స్పందిస్తున్నదని గమనించి పట్టుకున్నాడు. అప్పటికి అది ఎక్కువమంది వాడే స్థిరమైన విడుదలలకు చేరలేదు.

ఇది చదువుకున్నవారికే అని భయపడనక్కరలేదు. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఎన్నో సంవత్సరాలుగా లినక్సుమీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగులోకి తేవడానికి పాటుపడ్డారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ట్యాలీ లెక్కలు వ్రాసేవారికి, అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కరపత్రాలు, పాటల పుస్తకాలు కూర్చేవారికి విండోస్ తప్పదు. కొన్ని ప్రింటర్లు లినక్సుతో పేచీ పెడతాయి. అందుచేత మార్చకముందే, దానిని పెన్‌డ్రైవు నుండే నడిపి చూడండి. లోపలి ఫైళ్లు ఏవీ చెదరకుండా వై-ఫై, ప్రింటరు, శబ్దము సరిగా ఉన్నవో లేవో తెలిసిపోతుంది.

క్రోమ్ ఓఎస్

బ్రౌజరులోనే పనులన్నీ చేసుకునేవారికి గూగుల్ వారి క్రోమ్‌బుక్ ఒకటి ఉన్నది. మాల్‌వేర్ దూరడానికి సందు తక్కువ. 2021 తరువాతి నమూనాలకు పది సంవత్సరాల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో చెప్పింది. ఆ పది సంవత్సరాలు మనము కొన్న రోజునుండి కాక ఆ నమూనా వెలువడిన నాటినుండి లెక్క. పాత కంప్యూటర్లలో ఎక్కించుకోవడానికి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అనే ఉచిత రూపము 2022లో వచ్చింది. కాని ఇంటర్నెట్టు సరిగా అందని ఊళ్లలో దీనితో పని సాగడం కష్టము.

పారవేయకముందు

నెమ్మదించిన యంత్రమంతా ముసలిదైపోయినది కాదు. పాత హార్డుడిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయిస్తే అదే లాప్‌టాపు కొత్తదానివలె లేస్తుంది. మెమొరీ పెంచడం, ఫ్యాను దుమ్ము దులపడం, బ్యాటరీ మార్చడం, ఇవన్నీ కొత్తదాని ధరలో చిన్న భాగమే. కరెంటు హెచ్చుతగ్గులున్న ఊళ్లలో బల్లమీది కంప్యూటరుకు యు.పి.ఎస్. ఉంటే ఆయుష్షు పెరుగుతుంది. 2022లో లోకమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడిందని, అందులో నాల్గవ వంతుకూడా సరిగా సేకరించబడలేదని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. మంచి యంత్రాన్ని ఆ కుప్పలో కలపడమెందుకు?

ఇంతకు ఏమి చేయాలి?

1. విండోస్ 11కు సరిపోయే యంత్రమైతే దానికి మార్చుకోండి. అప్‌డేట్లు ఆపకండి.

2. సరిపోనిదైతే, చదువుకు, ఉత్తరాలకు, ఇంటర్నెట్టుకు వాడేదైతే, లినక్సు వేయించండి. తెలిసిన విద్యార్థి ఒక సాయంత్రంలో చేసిపెట్టగలడు.

3. ట్యాలీకో అను ఫాంట్లకో పాత విండోస్ ఉంచుకోక తప్పకపోతే, ఆ యంత్రానికి ఇంటర్నెట్టు తీసివేయండి. బ్యాంకు పని దానిలో చేయవద్దు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే తెగులు పెన్‌డ్రైవుల ద్వారానే తిరుగుతుంది గనుక, బయటి పెన్‌డ్రైవును వేరే యంత్రములో పరీక్షించకుండా దానికి పెట్టవద్దు.

4. సంఘ సభ్యుల రిజిస్టరు, వివాహముల వివరాలు, కానుకల లెక్కలు, ఇంటి ఫోటోలు, ఇవన్నీ రెండు నకళ్లు తీయండి. ఒకటి కంప్యూటరుకు తగిలించకుండా విడిగా, వీలైతే వేరొక ఇంటిలో ఉంచండి. తగిలించి ఉన్న డిస్కుకు కూడా దొంగ తాళం వేయగలడు.

5. ఏ సిస్టమ్ అయినా మనమే తలుపు తీస్తే ఆపలేదు. పెండ్లి శుభలేఖ అనో, బండి చలానా అనో వాట్సాపులో వచ్చే ఎ.పి.కె. ఫైలును ఫోనులో నొక్కవద్దు. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

దుకాణదారుడు "సపోర్టు లేదు" అన్నప్పుడు "దేనికి లేదు, యంత్రానికా, అందులోని సిస్టమ్‌కా?" అని అడగండి. సిస్టమ్‌కే అయితే, కొత్త యంత్రము కొనకముందు కొత్త వార్డెనును పెట్టి చూడండి. మిగిలిన డబ్బు అమ్మాయి ఫీజుకు పనికివస్తుంది.