కుండీలోని చెట్టు

పోటీచదువుల క్రింద నలిగిన పిల్లలను బోన్సాయి మొక్కలతో పోల్చుట నేటి వేదికలపై పరిపాటి యైనది. మూరెడు చెట్టును పళ్ళెమువంటి కుండీలో తరతరములు పెంచు జపానువారి విద్యకు ఈ పోలిక సగము న్యాయమే చేయుచున్నది. తక్కిన సగమును మంచు దేశముల శీతకాలము తెలుపును.

నేలలోని చెట్టుకు భూమియే కంబళి. పైన మంచు పేరుకొన్నను లోపలి మన్ను మెల్లగా చల్లబడును. కుండీకి ఆ భాగ్యము లేదు; చలి నలువైపులనుండి చొచ్చును. కొమ్మ ఓర్చుకొను చలిని వేరు ఓర్చుకొనలేదు. వేరు చచ్చిన సంగతి వసంతమున చిగురు రానప్పుడు గాని తెలియదు.

జాలిపడి చెట్టును వెచ్చని గదిలోనికి చేర్చువారు కలరు. అది మరియొక తప్పు. పైను, మేపుల్ వంటి చల్లని సీమల చెట్లకు శీతకాలపు విశ్రాంతి ప్రాణావసరము. సుమారు 0 నుండి 7 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనమున కొన్ని వారములు గడుపనిచో అవి ఏటికేడు క్షీణించును. కావున తెలిసినవారు కుండీని అంచువరకు తోటమన్నులో పాతి, గడ్డియో ఎండుటాకులో కప్పుదురు. లేదా గాలి తగులని, కుంపటి లేని కొట్టులో ఉంచుదురు. మన్ను గడ్డకట్టని దినములలో తడి చూచి నీరు పోయుదురు. ఆకు రాల్చని చెట్టు చలికాలమునందును దాహముతో చావగలదు.

హిరోషిమాలో యమాకి కుటుంబము పెంచిన పైను చెట్టొకటి 1625 నుండి కుండీలో నున్నదని చెప్పుదురు. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడిన చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరమున, గోడచాటున నుండి అది బ్రదికినది. 1976లో ఆ కుటుంబమువారు దానిని బాంబు వేసిన దేశమునకే, వాషింగ్టనులోని జాతీయ వృక్షోద్యానమునకు, కానుకగా నిచ్చిరి. చేతులు మారినవి, కాపు మారలేదు. ఇన్ని శీతకాలములలో ఒక్కరు ఏమరినను ఆ చెట్టు నేడు లేదు.

చెట్టును నేలనుండి వేరుచేసినవాడు నేల చేయు పనిని తలకెత్తుకొనవలెను. బోన్సాయి పెంచువాడు ఆ పూచీని ఎరిగినవాడు. పిల్లలను ఇంటినుండి వేరుచేసి వసతి గృహములలో నుంచువారు దానిని ఎరుగుదురా? కత్తెరను మాత్రమే నేర్చినవారిని తోటమాలితో పోల్చుట తోటమాలికే అవమానము.