సర్వే నంబరు తేదీగా మారితే

పాత టెక్స్ట్ ఫైళ్లను డేటాబేస్‌లోకి ఎక్కించే పనిలో సింహభాగం కాలం వాటిని శుభ్రం చేయడానికే పోతుంది. వేర్వేరు చేతులు, వేర్వేరు కంప్యూటర్ల మీద, ఏళ్ల తేడాతో టైపు చేసిన జాబితాలు ఒక తీరున ఉండవు. పైగా వాటిలోని దోషాలు చాలావరకు కంటికి ఆనవు.

ముందు తేల్చుకోవలసింది ఎన్‌కోడింగ్. తెలుగు యూనికోడ్ అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. ఆ ఫైలును పాత విండోస్ ఎన్‌కోడింగ్ అనుకుని తెరిస్తే, ప్రతి అక్షరం మూడేసి పిచ్చి గుర్తులుగా విడిపోతుంది. అలాగే సేవ్ చేస్తే ఆ గుర్తులే అసలు సమాచారమై కూర్చుంటాయి. అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో టైపైన ఫైళ్లది వేరే కథ. వాటిలో తెలుగు అక్షరాలే ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు ఉంటాయి, ఫాంటు లేకపోతే తెలుగూ లేదు. ఆయా ఫాంటుకు తగిన కన్వర్టర్‌తో మార్చాక, వత్తులూ గుణింతాలూ నిలిచాయో లేదో తెలుగు బాగా చదవగల మనిషి చూసి తీరాలి. ఆ మనిషి జీతాన్ని కూడా ప్రాజెక్టు అంచనాలో చేర్చాలి.

యూనికోడ్‌లోకి వచ్చాకా చిక్కులు తీరవు. ఐత్వాన్ని ఒకే గుర్తుగా నిల్వ చేయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండుగానూ నిల్వ చేయవచ్చు. చూడటానికి రెండూ ఒకటే, పోల్చి చూసే కంప్యూటరుకు వేరు. ఎన్ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మారిస్తే ఈ తేడా పోతుంది. ‘రాజ్‌కుమార్’లో జకారం కింద కవత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్ మాత్రం అలా పోదు, పోకూడదు కూడా. ఇంగ్లిష్ ఫైళ్ల కోసం రాసిన స్క్రిప్టులు దాన్ని చెత్తగా లెక్కించి తుడిచేస్తాయి, దాంతో పేరు రూపమే మారిపోతుంది. పేరును ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో ఉంచి, వెతకడానికి ఆ గుర్తు తీసేసిన ప్రతిని మరో కాలమ్‌లో పెట్టడం సరైన పద్ధతి. ఫైలు మొదట్లో దాగే బైట్ ఆర్డర్ మార్క్ (బీఓఎం), మామూలు ఖాళీలా నటించే నాన్ బ్రేకింగ్ స్పేస్, విండోస్‌కూ యూనిక్స్‌కూ పొసగని లైన్ ముగింపులు తేలిగ్గా వదిలేవే.

సీఎస్‌వీ ఫైళ్లలో కామానే కాలమ్‌ల సరిహద్దు. చిరునామాలో కామా వస్తే ఆ గడిని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలని 2005లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4180 అనే పత్రం చెబుతుంది. పాటించని ఫైళ్లకు కొదవ లేదు. ప్రతి వరుసలో ఎన్ని గడులు ఉన్నాయో లెక్కపెడితే తేడా వచ్చిన వరుసలు బయటపడతాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, ఒకసారి చూద్దామని ఫైలును ఎక్సెల్‌లో తెరవడం. సర్వే నంబరు 12/3 కంప్యూటర్ సెట్టింగును బట్టి మార్చి 12గానో డిసెంబర్ 3గానో మారుతుంది. ఇంటి నంబరు 3-6-12 కూడా తేదీ అయిపోతుంది. పన్నెండంకెల ఆధార్ సంఖ్య ఘాతాంక రూపంలో కనిపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు పోయినట్టే, వాటిని తిరిగి రాబట్టే దారి ఉండదు. జన్యువుల పేర్లు ఇలాగే తేదీలైపోతుంటే విసిగి, 2020 నాటికి శాస్త్రజ్ఞులు సెప్ట్1 వంటి పేర్లనే మార్చుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో 65,536 వరుసలకు మించని పాత ఎక్సెల్ ఫార్మాట్ వాడినందువల్ల 15,841 కోవిడ్ కేసులు లెక్కకు అందకుండా పోయాయి. వ్యాధి సోకినవారి దగ్గరి మనుషులను గుర్తించి హెచ్చరించే పని ఆలస్యమైంది.

అందుచేత అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన భద్రపరచాలి. మార్పులన్నీ మళ్లీ మళ్లీ నడపగల స్క్రిప్టులో ఉండాలి. డేటాబేస్‌లో మొదట అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గానే ఉన్న తాత్కాలిక పట్టికలోకి ఎక్కించి, తర్వాత ఒక్కో కాలమ్‌ను అసలు రకంలోకి మార్చాలి. మారనని మొరాయించిన వరుసను లైన్ నంబరుతో, కారణంతో సహా వేరే పట్టికలో పెట్టాలి. వచ్చిన వరుసలు, ఎక్కిన వరుసలు, ఆగిన వరుసల లెక్క ఒక్కటి కూడా తేడా లేకుండా సరిపోవాలి.

ఊహించి సరిచేయడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద అపరాధం. 03/04/2019 ఏప్రిల్ నెలదా, మార్చిదా అన్నది ఆ ఒక్క గడిని చూసి చెప్పలేం. అదే ఫైలులో 25/04 ఉంటే రోజే ముందు రాశారన్న ఆధారం దొరుకుతుంది. అదీ లేకపోతే రాసినవారిని అడగాలి. ఖాళీ గడి, గీత, ‘లేదు’, సున్నా అనే నాలుగింటినీ ఒకే గాటన కట్టకూడదు. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నంత మాత్రాన, స్పెల్లింగు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఇద్దరిని ఒకరిగా కలిపేయడం ఇంకా ప్రమాదం. ఒకే ఊళ్లో ఒకే పేరున్న తాతామనవళ్లు తెలుగునాట మామూలే. ఆ నిర్ణయం ఊరెరిగిన మనిషికే వదిలేయాలి.

భూమి విస్తీర్ణం దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2.20 అని రాసి ఉంటే ఆంధ్రలో రెండెకరాల ఇరవై సెంట్లు, తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దాన్ని దశాంశ సంఖ్యగా మారిస్తే చివరి సున్నా ఊడి 2.2 మిగులుతుంది, అది రెండెకరాల రెండు గుంటలని చదివేవారూ ఉంటారు. మామూలుగా కూడితే 1.39, 0.02 కలిసి 1.41 అవుతాయి. ఎకరానికి నలభై గుంటలే కనుక రావలసింది 2.01. తెలంగాణ జాబితాల్లో ఎకరాలనూ గుంటలనూ టెక్స్ట్ దశలోనే విడదీసి, అన్నిటినీ గుంటల్లోకి మార్చి నిల్వ చేసి, గ్రామం మొత్తాన్ని కాగితం మీది మొత్తంతో సరిచూశాకే అసలు పట్టికలోకి పంపాలి.